తిరుపతి నుంచి చలికాలం వన్ డే ట్రిప్: గుడిమల్లం, పాపానాయుడుపేట, చంద్రగిరి

హాయ్ అండీ, నమస్కారం. తిరుపతి వచ్చేవాళ్ళలో చాలామంది ఏం చేస్తారంటే, కొండెక్కుతారు, దర్శనం చేసుకుంటారు, గుండు కొట్టించుకుంటారు, లడ్డూ కవర్లు పట్టుకుని కిందికి దిగి తిరుచానూరు అమ్మవారిని చూసేసి రాత్రికి రేణిగుంటలో ట్రైన్ ఎక్కేస్తారు. మధ్యలో ఒక రోజు మిగిలితే లోకల్ టెంపుల్స్ ప్యాకేజీ బస్సు ఎక్కుతారు, పొద్దున్నుంచి సాయంత్రానికి ఎనిమిది గుళ్ళు, ఇంటికెళ్ళి ఫోటోలు చూసుకుంటే ఏది ఏ గుడో ఒక్కటీ గుర్తుండదు. ఈ వీడియోలో నేను చెప్పే ట్రిప్ దానికి రివర్స్. మూడే చోట్లు, అందులో రెండు పల్లెలు, ఒక కోట. మధ్యలో ఒక భోజనం, అది కూడా ట్రిప్‌లో భాగమే, ఎందుకో వస్తా.

[షాట్: పొద్దున ఆరున్నర, రేణిగుంట దాటాక రోడ్డు, రెండు పక్కలా వరి మళ్ళు, మంచు]

చలికాలమే ఎందుకు అంటే, మిగతా రాష్ట్రానికి వానలు జూన్, జులై, మాకు మాత్రం అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలు అంటారు కదా అవి. స్వర్ణముఖి నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఉట్టి ఇసకే, నది అని చెప్తే కొత్తవాళ్ళు నవ్వుతారు కూడా. అదే డిసెంబర్‌లో రండి, నీళ్ళు పారతా ఉంటాయి, చెరువులు నిండి ఉంటాయి, కొండలన్నీ పచ్చగా ఉంటాయి. మార్చి దాటితే ఆ ఎండకి కోట మెట్లు ఎక్కేది ఎవరు చెప్పండి. దానికి తోడు డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదివేది ఆ నెలలోనే. కింద పల్లెల్లో తెల్లారేసరికి వాకిళ్ళ నిండా ముగ్గులు, ముగ్గుల్లో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పూలు. దాని కోసం టికెట్ తీసుకోనక్కర్లేదు, కాస్త ముందు లేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. నవంబర్, డిసెంబర్‌లో తుఫాను వార్న్ చేస్తే మాత్రం ప్లాన్ క్యాన్సిల్ చేసేయండి, మొండిగా బయల్దేరద్దు. 2021 నవంబర్‌లో ఇక్కడ ఎలాంటి వరదలొచ్చాయో టీవీలో చూసే ఉంటారు. వైకుంఠ ఏకాదశి వారం కూడా వద్దు, ఊరంతా ట్రాఫిక్కే.

ఇంకోటి, గైడ్. గైడ్ అంటే మెడలో కార్డు వేసుకున్నాయనే కానక్కర్లేదు. ఈ ఊళ్ళు తెలిసిన డ్రైవర్ అన్న దొరికినా సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఈ చోట్లలో బోర్డులు తక్కువ, ఉన్న బోర్డులో నాలుగు లైన్లు. గుడి తాళం వేసి ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో, ఈ రోజు గాజు పూసల కొలిమి వెలిగించారో లేదో, ఏ ఇంట్లో అడిగితే భోజనం పెడతారో, ఇవన్నీ మ్యాప్‌లో ఉండవు కదా.

సరే, ఫస్ట్ గుడిమల్లం. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి వైపు పోతే ఏర్పేడు మండలంలో వస్తుంది, స్వర్ణముఖికి దగ్గర్లో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఇది తిరుపతి జిల్లా, అంతకుముందు చిత్తూరు జిల్లా, పాత పుస్తకాల్లో చిత్తూరు అనే ఉంటుంది కన్‌ఫ్యూజ్ అవద్దు. బయట నుంచి చూస్తే చిన్న ఊళ్ళో చిన్న గుడి. దీనికోసమా ఇంత పొద్దున్నే లేపావు అని అడుగుతారు కూడా. లోపలికి రండి.

[షాట్: గుడి వెనక వైపు నుంచి, గుండ్రంగా తిరిగిన గర్భగుడి గోడ. లోపల షూట్ చేయద్దు]

ముందు ఈ వెనక గోడ చూడండి, నలుచదరంగా కాకుండా గుండ్రంగా తిరిగింది, ఏనుగు వెనక భాగంలా ఉంటుందని దీన్ని గజపృష్ఠం అంటారు. ఇప్పుడు కనపడే గుడి చోళుల కాలంలో తిరగ కట్టింది. లోపలున్న పరశురామేశ్వర స్వామి మాత్రం అంతకంటే చాలా చాలా పాతది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం అని కొందరు, 1వ శతాబ్దం అని కొందరు, ఇంకా వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ పంచాయితీ తెగేది కాదు. ఏ లెక్కన చూసినా మనకి దొరికిన అతి పాత శివలింగాల్లో ఇదొకటి. గర్భగుడి నేల మనం నిలబడే చోటు కంటే కిందికి ఉంటుంది, వంగి లోపలికి చూడాలి.

లింగం సుమారు 5 అడుగుల ఎత్తు, ముదురు గోధుమ రంగు రాయి, నున్నగా పాలిష్ పెట్టింది. దాని ముందు వైపు శివుడు నిలబడి ఉన్నాడు. ఇక్కడే టైమ్ తీసుకోండి, హారతి కళ్ళకద్దుకుని వచ్చేయకండి. నాలుగు చేతులుండవు, రెండే. కుడి చేతిలో ఒక పొట్టేలుని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి పట్టుకున్నాడు, జింక అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఎడమ చేతిలో చిన్న నీళ్ళ చెంబు, ఎడమ భుజం మీద గొడ్డలి. జంధ్యం లేదు. కట్టుకున్న బట్ట ఎంత పల్చగా చెక్కారంటే లోపల ఒళ్ళు కనపడతా ఉంటుంది. కాళ్ళ కింద ఒక యక్షుడు, గొంతుక్కూచుని భుజాల మీద స్వామిని మోస్తున్నాడు, పాపం బరువుకి ఏడుస్తున్నట్టు ఉండడు, నవ్వు మొహమే. మనకి క్యాలెండర్లలో అలవాటైన శివుడు, మెళ్ళో పాము, పులి చర్మం, ఆ బొమ్మ స్థిరపడక ముందు చెక్కిన శివుడు ఈయన. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు పరిశోధకుడు టి. ఎ. గోపీనాథరావు గారు దీని గురించి రాశాకే బయటి ప్రపంచానికి తెలిసింది. ఊరి వాళ్ళకి మాత్రం ఎప్పుడూ తెలుసు, వాళ్ళ ఊరి దేవుడు ఆయన.

అక్కడి నుంచి పాపానాయుడుపేట చాలా దగ్గర. ఇది గుడి కాదు, కోట కాదు, అందుకే ఏ ప్యాకేజీలోనూ ఉండదు. ఇక్కడ గాజు పూసలు చేస్తారు. గాజుల షాపులో దండల్లో ఉండే చిన్న చిన్న పూసలు చూడండి, అవే. మీరు వెళ్ళే రోజు కొలిమి వెలిగితేనే ఇది చూడగలరు, కాబట్టి గైడ్‌తో ముందు రోజే కనుక్కోమనండి.

[షాట్: క్లోజప్, కొలిమి కిటికీ, ఎర్రగా కాలిన గాజు ముద్ద]

పొడవాటి బోలు ఇనప గొట్టం ఉంటుంది, దాన్ని లాడా అంటారు. కరిగిన గాజుని దాని చివర ముద్దగా పట్టించి, దొర్లించి దొర్లించి గోపురం షేప్‌కి తెస్తారు. లోపల ఒక కడ్డీతో ఆ ముద్దకి నడిమధ్యలో బెజ్జం పడేలా పొడుస్తారు. అసలు కిటుకంతా ఆ బెజ్జమే. తర్వాత దాన్ని మళ్ళీ కొలిమిలో పెడతారు, అవతల కిటికీ దగ్గర కూర్చున్నాయన కొక్కెంతో గాజు కొసని పట్టుకుని లాగుతాడు, లాగుతానే ఉంటాడు, గంటల తరబడి. సన్నటి గొట్టం వస్తానే ఉంటుంది, బెజ్జం అలాగే ఉంటుంది, ఎక్కడా మూసుకుపోదు. ఆ చేతి వేగం తేడా వస్తే గొట్టం లావో సన్నమో అయిపోతుంది, కాబట్టి ఆ టైమ్‌లో ఆయన్ని ప్రశ్నలు అడగద్దు ప్లీజ్, వీడియోకి ఇటు చూడన్నా అని కూడా అనద్దు. తర్వాత ఆ గొట్టాల్ని ముక్కలుగా విరిచి, చిన్న చిన్నగా తరిగి, అంచులు కోసుకోకుండా ఉండేదానికి బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. బూడిద ఎందుకంటే బెజ్జాలు మూసుకుపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా. ఆఖర్న జల్లెడ పట్టి దండలు కడతారు.

పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో రెండు వేల ఏళ్ళ నాటి ఇలాంటి పూసలే దొరికాయి, అప్పట్లో సముద్రం మీద ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయి. అదే లాడా పద్ధతి ఈ ఊళ్ళో బతికింది కాబట్టే, ఆ పాత పూసలు ఎలా చేసుంటారో తెలుసుకోడానికి పరిశోధకులు ఇక్కడికొచ్చి కూర్చుని రాసుకున్నారు. నన్నడిగితే ఈ మూడు చోట్లలో నేను వదలమన్నా వదలనిది ఇదే. రెండు దండలు కొనండి, బేరం ఆడకండి.

ఇప్పుడు భోజనం. చలికాలం చిత్తూరు వైపు వచ్చి పితికిపప్పు తినకుండా పోతే ఎట్లా. రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతుంటారు చూడండి, అవి అనపకాయలు. మంచు పడితేనే ఆ కాయకి వాసన పడుతుందని మా అవ్వలు చెప్తారు. గింజలు ఒలిచి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక్కో గింజ వేళ్ళ మధ్య పితికితే తొక్క విడిపోయి పప్పు జారిపోతుంది, ఇంటిల్లిపాదీ కూచున్నా తెమలని పని. అందుకే హోటల్లో దొరకడం కష్టం, గైడ్‌కి ముందు చెప్పి ఎవరైనా ఇంట్లో వండే ఏర్పాటు చేయించుకోండి. రాగి సంగటి, పితికిపప్పు కూర, పక్కన ఊరుబిండి పచ్చడి. నాటుకోడి కావాలన్నా దొరుకుతుంది గానీ ఆ రోజుకి నా ఓటు పితికిపప్పుకే.

మధ్యాహ్నం రెండున్నర మూడుకల్లా చంద్రగిరి. తిరుపతికి అవతలి వైపు, పదిహేను కిలోమీటర్ల లోపే.

[షాట్: రాజ మహల్, వెనక రాతి కొండ, సాయంత్రపు ఎండ]

కొండ కింద రెండు మహళ్ళు, పెద్దది రాజ మహల్, మూడంతస్తులు, రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, కట్టుబడిలో కలప వాడలేదు. లోపల పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియం, చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు ఉంటాయి, గబగబా చూసినా పర్లేదు. కథ మాత్రం వినండి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం పని అయిపోయిందని బళ్ళో చదువుకున్నాం కదా, అయిపోలేదు. రాజధాని పెనుకొండకి మారింది, అక్కడి నుంచి రెండో వెంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. 1639లో సముద్రం ఒడ్డున ఒక ఇసక మేట మీద కోట కట్టుకుంటామని ఈస్టిండియా కంపెనీ ఫ్రాన్సిస్ డే అడిగితే దామర్ల వెంకటాద్రి నాయకుడు రాసిచ్చాడు. ఆ నాయకుడి పైన రాజు ఈ విజయనగర రాజుల వంశం వాడే. ఆ ఇసక మేటే ఇప్పటి చెన్నై. ఇక్కడ నిలబడి ఆ మాట చెప్తే చెన్నై నుంచి వచ్చినవాళ్ళు కాసేపు నమ్మరు.

శుక్రవారం మ్యూజియం సెలవు, కాబట్టి ఆ రోజు ట్రిప్ పెట్టుకోకండి. మిగతా రోజుల్లో ఐదుకి మూసేస్తారు. ఇంకా ఓపికుంటే వచ్చే దారిలోనే శ్రీనివాస మంగాపురం ఉంది, పద్మావతమ్మ పెళ్ళయ్యాక స్వామి కొన్నాళ్ళు ఉన్నది ఇక్కడే అంటారు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఎక్కువ వస్తారు. ఓపిక లేకపోతే వదిలేయండి, ఏం కాదు. ఏడుకల్లా తిరుపతిలో ఉంటారు, రాత్రి ట్రైన్‌కి బోలెడు టైమ్, స్వెట్టర్ మాత్రం బ్యాగ్ అడుగున సర్దేయకుండా పైనే పెట్టుకోండి.