వరి నీటి మొక్క కాదండీ!

"వరి నీటి మొక్క. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబడాల్సిందే." ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. సేద్యం తెలిసినవాళ్లే అంటుంటే ఇంకా ఒళ్లు మండుతుంది.

ఒక్కటి అడుగుతాను. గజ ఈతగాడు నీళ్లలో మునగడు కదా అని చెరువులోనే కాపురం పెట్టమంటామా? వరి సంగతీ అంతే. దాని కాండంలో, వేళ్లలో గాలి గొట్టాలుంటాయి. ఆకుల నుంచి ఆక్సిజన్ వాటిగుండా వేళ్లకు దిగుతుంది కాబట్టి నీళ్లలో నిలబడినా తట్టుకుంటుంది. తట్టుకోవడం వేరు, అదే కావాలనడం వేరు.

మరి మడి నింపేది ఎందుకు? ముఖ్యంగా కలుపు కోసం. నీళ్లు నిలిస్తే చాలా రకాల కలుపు గింజలు మొలవవు. వాటికి ఈత రాదు మరి!

చిక్కు ఇక్కడే ఉంది. నీళ్ల కింద మట్టికి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువు తయారుచేస్తాయి. అది ఎక్కువగా బయటికొచ్చేది ఎక్కణ్నుంచో తెలుసా? ఆ గాలి గొట్టాల్లోంచే! మన ఈతగాడు ఊపిరి పీల్చే దారినే అది వాడుకుంటుంది. వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇంకో పక్క బోర్లు. యాసంగి వరి పాలు పోసుకునే వేళకు బోరు వట్టిపోతే ఆ గింజ తాలే. కానీ మనమేం చేస్తున్నాం? కరెంటు ఉచితం, మోటారుకు ఆటో స్టార్టర్. కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే ఆన్ అవుతుంది. నీళ్లు గట్టు పొర్లినా పట్టించుకునేవాడుండడు. నన్నడిగితే ముందు పీకాల్సింది ఆ స్టార్టరే.

దీనికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన ఉపాయం చాలా చవక. 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ సగాన్ని గట్టుకు దగ్గరగా మడిలో దించండి. లోపలి మట్టి తీసేయండి. ఇప్పుడు పైపులోకి తొంగి చూస్తే మట్టి కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనిపిస్తుంది. పైన మడి ఆరినట్టున్నా వేళ్లకు నీళ్లు అందుతూనే ఉంటాయి. నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక, మడిలో 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి పెట్టాలి. దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి. మీథేన్ సుమారు సగానికి పడిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నాటిన మొదటి ఒకటి రెండు వారాలు ఆరబెట్టకండి, కలుపు లేస్తుంది. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఈతగాణ్ని నీళ్లలోనే ఉంచాలి. యూరియా ఆరిన మడిలో చల్లి, వెంటనే తడి ఇవ్వండి. ఎక్కువ వేస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పెరుగుతుంది, భూమిని వేడెక్కించడంలో అది మీథేన్ కంటే మొండిది.

ఇదంతా బోరు కింద సాగుకు. కాలువ కింద నీళ్లు వంతు ప్రకారం వస్తాయి, రైతు చేతిలో ఉండవు. అక్కడ పైపు ఒక్కటే పెట్టి లాభం లేదు, ముందు వంతులు మార్చాలి. ఆ గొడవ ఇంకో వీడియోలో.