విమానాశ్రయంలో అడగని ప్రశ్న

వేదిక మీది పెద్దలకు, సభలోని సోదరీ సోదరులకు నమస్కారం. విదేశాలకు వెళ్ళేవారు వేయించుకోవలసిన టీకాలన్నిటి గురించీ చెప్పమని నిర్వాహకులు కోరారు. మీలో ఎక్కువమంది కెన్యా, ఉగాండా, టాంజానియాలకు ఉద్యోగాల మీద వెళుతున్నారు కనుక హజ్ యాత్రికులకు తప్పనిసరైన మెనింజైటిస్ టీకా వంటివాటిని పేరు చెప్పి వదిలేస్తున్నాను.

మీకు ముందుగా కావలసింది ఎల్లో ఫీవర్ టీకా. ఎల్లో ఫీవర్ అంటే దోమకాటుతో అంటుకునే ప్రమాదకరమైన జ్వరం. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలో మాత్రమే ఈ టీకా వేసి, వేసినట్టు రుజువుగా పసుపుపచ్చ పుస్తకం ఇస్తారు. టీకా వేసిన పది రోజులకు గాని ఆ పుస్తకం చెల్లదు. ఆపైన, 2016లో మారిన నిబంధన ప్రకారం, జీవితాంతం చెల్లుతుంది. గర్భిణులు, గుడ్డు పడనివారు, అరవై దాటినవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. పుస్తకంలో మీ ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే చూసుకోండి.

సూది లేకుండానే ముద్ర వేయించి ఇస్తామనే దళారులున్నారు. వారి మాట వినేవారికి ఒక్కటి చెప్పాలి. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు గాని, దాన్ని మోయగల ఈడిస్ దోమ, అంటే మనకు డెంగీ అంటించే దోమే, ప్రతి వీధిలోనూ ఉంది. అందుకే ఆ పుస్తకం లేకుండా తిరిగివచ్చినవారిని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఈ రోగం మన దేశంలోకి రాకూడదు గనుక విమానాశ్రయంలో అడుగుతారు. మలేరియా ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే గనుక దాన్ని గురించి ఎవరూ అడగరు. నా బాధంతా ఇక్కడే ఉంది.

ఉగాండా నుంచి సెలవు మీద వచ్చిన ఒక యువకుడికి, ఊరు చేరిన పక్షం రోజులకు జ్వరం వచ్చింది. ఊళ్ళో టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించారు. మా ఆసుపత్రికి తెచ్చేసరికి స్పృహ లేదు. అబ్బాయి ఎక్కడినుంచి వచ్చాడమ్మా అని తల్లిని అడిగితే, ‘హైదరాబాదు నుంచండీ, రాత్రి బస్సుకు దిగాడు’ అంది. ఆమె చెప్పినది అబద్ధం కాదు. ఉగాండా మాట బంధువులెవరో చెప్పాక రక్తం పరీక్షిస్తే ఫాల్సిపారం, అంటే ప్రాణం తీసే రకం మలేరియా, బయటపడింది. మరునాటికి ప్రాణం పోయింది. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అలాంటిచోట ఒక్క రక్తపు చుక్క చూడటానికి ఇంత ఆలస్యమా?

మేము పల్లెలో పెరిగినవాళ్ళం, మలేరియా మాకు కొత్త కాదు అనకండి. ఎప్పుడో వచ్చిన జ్వరం ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు. మందు పూసిన దోమతెర వాడండి. నివారణ మాత్రలు ఏవి సరిపడతాయో డాక్టరు నిర్ణయిస్తారు. డాక్సీసైక్లిన్ ఇస్తే ఆ దేశం విడిచాక కూడా నాలుగు వారాలు మింగాలి, కాని చాలామంది విమానం దిగిన రోజే ఆపేస్తున్నారు. తిరిగివచ్చిన మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి.

మీతో వచ్చిన తల్లిదండ్రులకు, భార్యలకు ఒక మనవి. మీవాడు వెళ్ళే దేశం పేరు ఒక కాగితం మీద రాసుకోండి, అతను వచ్చాక జ్వరమంటే ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి. కలం లేనివారు పక్కవారిని అడగండి. అందరూ రాసుకునేదాకా నేను ఆగుతాను.