రెండు చేతుల పట్టు, ఒక దారం

శ్రోతలకు నమస్కారం.

బిడ్డ పుట్టింది, మాయ కూడా పడిపోయింది. ఇక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. ముడుచుకుంటేనే దాని కండరాల మధ్య ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. ముడుచుకోకపోతే? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరు దాకా రక్తం వెళ్తుంది. నిమిషానికి అరలీటరు!

ముందు మందులిస్తారు, లోపల బెలూను పెట్టి ఒత్తిడి కలిగిస్తారు. అవి పనిచేయకపోతే ఆపరేషన్. రక్తనాళాలు కట్టేయడం, అదీ చాలకపోతే గర్భసంచినే తీసేయడం.

1989లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఒక బాలింతకు రక్తం ఆగడం లేదు. గర్భసంచి తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. సియెరా లియోన్‌లో పుట్టిన డాక్టర్ క్రిస్టఫర్ బి-లించ్ అప్పుడు కొత్త కుట్టు వేశారు. ఒకటే పొడవాటి దారం. గర్భసంచి ముందువైపు కింద గుచ్చి, పైకి తీసి, దాని భుజం మీదుగా వెనక్కి దింపారు. వెనకవైపు అడ్డంగా ఒక కుట్టు వేసి, రెండో భుజం మీదుగా మళ్లీ ముందుకు తెచ్చారు. బడిపిల్లలు వీపు సంచి తగిలించుకుంటారే, అచ్చం ఆ పట్టీల్లాగే. సహాయకులు గర్భసంచిని రెండు చేతులతో అదిమి పట్టుకుంటే, ఆయన దారం కొసలు లాగి ముడి వేశారు. చేతులు తీసేసినా దారం వదలదు. తర్వాత అది ఒంట్లోనే కరిగిపోతుంది. ఇలా కుట్టు వేయించుకున్న ఐదుగురి వివరాలు 1997లో అచ్చయ్యాయి. ఐదుగురికీ గర్భసంచి దక్కింది. మళ్లీ బిడ్డల్ని కన్నవాళ్లూ ఉన్నారు.

ఇందులో నాకు మరీ నచ్చేది కుట్టుకు ముందు చేసే పరీక్ష. గర్భసంచిని చేతులతో అదిమి చూస్తారు. రక్తం ఆగిందా, కుట్టు పనిచేసే అవకాశం బాగా ఉన్నట్టే. ఆగలేదా, ఆలస్యం చేయకుండా వేరే దారి చూస్తారు. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. రెండు చేతులు చాలు, కాకపోతే అవి ఆ పని తెలిసిన చేతులై ఉండాలి.

అయితే ఆ చేతుల దాకా బాలింత సమయానికి చేరాలి కదా! పక్కనున్న మీకు నేను చెప్పేది ఒక్కటే. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయినా, పెద్దపెద్ద గడ్డలు పడుతున్నా, ఒళ్లు చల్లబడి కళ్లు తిరుగుతున్నా వెంటనే నర్సును పిలవండి. కాన్పన్నాక రక్తం పోదా అని ఎవరైనా అన్నా సరే, పిలవండి. ఇంటికొచ్చిన రెండో వారంలో ఇలా అయినా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.