ఆరెకు తోలు చుట్టకూడదు

అందరికీ నమస్కారం.

అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్ళను మీరు చూసే ఉంటారు. అదే యాత్రికుడు సాయంత్రానికి తెగిన చెప్పు చేత పట్టుకుని, కుట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అని బస్టాండు దగ్గర అడుగుతూ వస్తాడు. ఆ చెప్పు కుట్టే ఆరె ఉంది చూడండి, చెక్క పిడికి బిగించిన సన్నటి ఉక్కు ముల్లు. ఇవాళ నా మాటంతా ఆ ఆరె గురించీ, తోలు కోసే రంపె గురించీ, వాటికి పట్టే తుప్పు గురించీ.

తుప్పు గురించి చెప్పడానికేముంది, కాస్త నూనె రాస్తే సరి అంటారేమో. తోలు బ్యాగులూ బెల్టులూ కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. 2021 నవంబరు దాకా.

ఆ నవంబరు వానలను తిరుపతివాళ్ళెవరూ మరిచిపోరు. వీధులు కాలువలైపోయాయి. మా ఇల్లు కాస్త మెరక మీదుంది కాబట్టి నీళ్ళు లోపలికి రాలేదు. అయినా ముందు జాగ్రత్త అనుకుని పనిముట్లన్నిటినీ ఒక మందపాటి తోలు ముక్కలో చుట్టి, తాడు కట్టి, అటక మీద పెట్టాను. తోలుపని సామాను తోలులోనే ఉంటే చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది గదా! పది రోజుల తర్వాత విప్పితే రంపె అంచు పొడుగునా ఎర్రటి పొక్కులు. ఆరె ముల్లు వేలికి గరుగ్గా తగిలింది. అదే గదిలో, హడావుడిలో గూట్లో మరిచిపోయిన పాత సుత్తి మాత్రం అంతో ఇంతో శుభ్రంగానే ఉంది.

అప్పటికి చేతిలో ఒక ఆర్డరు ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే అక్క ఒకావిడ సంచి కుట్టమని అడిగింది. చెట్టు బెరడుతో పదును పెట్టిన, అంటే పచ్చి చర్మం కుళ్ళిపోకుండా ఊనిన, లేత రంగు తోలు. ఆ తుప్పును గుడ్డతో పైపైన తుడిచేసి, తోలును తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, పనిలోకి దిగాను. తెల్లారి చూస్తే ఆరె దిగిన ప్రతి చిల్లు చుట్టూ నల్లటి మచ్చ. రంపె ఆనించి పెట్టినచోట నల్లటి గీత. సబ్బు పెట్టాను, పోలేదు. నిమ్మరసం అద్దితే కొంచెం వెలిసింది గానీ జాడ మిగిలిపోయింది.

ఆ అక్కకు చూపించి, ఇంకో సంచి కుట్టిస్తానని చెప్పడానికి పోయాను. ఆమె కోప్పడలేదు, పగలబడి నవ్వింది. "మేం మూడు వారాలు కుండలో నానేసి తీసే నలుపు నీకు ఊరికే వచ్చిందే తమ్ముడూ!" అంది.

ఆమె మాట అక్షరాలా నిజం. కలంకారీలో నల్ల గీతలు గీసే రంగును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి పులియబెడితే వచ్చే ద్రవం అది. కుండలో ఉన్నప్పుడు దానికి అంత నలుపుండదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీత పడగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థమూ ఇనుమూ కలిస్తే పుట్టే నలుపు అది. మన తంగేడు చెక్కలోనూ, తుమ్మ చెక్కలోనూ ఉండేది ఆ వగరే. తోలును పదును పెట్టేది ఆ వగరుతోనే. అంటే తడి తోలులోకి తుప్పు ఆరెను గుచ్చడమంటే, కసిమిలో కలం ముంచి గుచ్చడమే!

మచ్చ సంగతి తెలిసింది. మరి అటక మీద, నీళ్ళు సోకనిచోట, ఆ తుప్పు ఎట్లా పట్టింది? నాకు పని నేర్పిన పెద్దాయన దగ్గరికి మూట పట్టుకుపోయాను. విప్పీ విప్పకముందే, "ఇనుముకు తోలు చుట్టినావా నాయనా? తోలు తడి తాగుతాది. తాగి ఊరకుంటాదా?" అన్నాడు.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ తడీ రెండూ కావాలి. వానే కురవనక్కర్లేదు. గాలిలో తేమ అరవై శాతం దాటిందంటే తుప్పు జోరందుకుంటుంది. మనకు ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ తేమకు కొదవుండదు. తోలు ఆ తేమను పీల్చి దాచుకుంటుంది. పైగా దాంట్లో పులుపు ఉంటుంది, అంటే ఆమ్ల గుణం. బెరడుతో పదును పెట్టినా, మన చిత్తూరుకు పక్కనే ఉన్న రాణిపేట, అటు ఆంబూరు తోళ్ళ కర్మాగారాల్లో చేసినట్టు క్రోమియం లవణాలతో పదును పెట్టినా, ఆ గుణం తప్పదు. పులుపెక్కిన తడిగుడ్డను కత్తికి చుట్టి పది రోజులు ఉంచితే ఏమవుతుందో, నా మూటలో అదే అయింది. కత్తికి తోలు ఒర ఉండొచ్చు, మోసుకుపోయేటప్పుడు. ఇంటికొచ్చాక తీసి బయట పెట్టాలి.

రెండో దొంగ మన చెయ్యే. చెమటలో ఉప్పుంటుంది. మే నెలలో మన ఊళ్ళో ఎండకు చెమటలు కక్కుతూ పనిచేసి, రంపెను అట్లాగే వదిలేస్తే, కొన్ని రోజులకు దాని మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. నేను కళ్ళారా చూశాను, గీతలతో సహా.

అందుకే పని ముగిశాక పొడి నూలుగుడ్డతో తుడవడం అన్నిటికన్నా ముఖ్యం. నూనె ఆ తర్వాతి మాట. చెమటా తడీ ఉండగానే నూనె పూస్తే, ఉప్పును నూనె కింద భద్రంగా దాచినట్టే. నూనెల్లో కుట్టుమిషను నూనె మంచిది. ఒక్క చుక్క గుడ్డ మీద వేసి, ఉక్కు మీద కనపడీ కనపడనట్టు రుద్దితే చాలు. వంటనూనె రాస్తారు కొందరు, నాలుగు వారాలకు అది జిగురై దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరి నూనె కొన్నాళ్ళకు కంపు కొడుతుంది. ఏ నూనె రాసినా మళ్ళీ పనిలోకి దిగేముందు తుడిచి, ఒక పనికిరాని తోలుముక్కలో నాలుగుసార్లు గుచ్చి చూడండి. లేకపోతే ఈసారి నూనె మచ్చ.

ఆరెకు మాత్రం నా ఓటు తేనెమైనానికే. దారానికి రుద్దడానికి ఎట్లాగూ దగ్గరుంటుంది కదా. ముల్లును మైనపు ముద్దలో ఒకసారి గుచ్చి తీస్తే పల్చటి పొర అంటుకుంటుంది, తడి ఆనదు, తోలులోకి కూడా జారుతూ దిగుతుంది.

ఇప్పటికే తుప్పు పట్టి ఉంటే? కాస్త కిరసనాయిలు అద్ది నానబెట్టి, సన్నటి ఎమరీ పేపరుతో తీయండి. ఆరెను పిడివైపు నుంచి మొన వైపుకు, పొడుగునా రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు తోలు నారను పట్టి లాగుతాయి. అమ్మ ఇత్తడి చెంబుల చిలుం వదిలించినట్టు చింతపండు పెడదామా అంటే, తుప్పు పోతుంది నిజమే, కానీ పులుపులో మరిచిపోతే మంచి ఉక్కునూ తింటుంది. పెట్టినా కొద్దిసేపే, వెంటనే వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె రాయాలి. ఆరబెట్టమన్నాను కదా అని పొయ్యి మీద పెట్టేరు! ఉక్కు నీలిరంగు తిరిగిందంటే పదును ఆగదు, ముల్లు మెత్తబడి వంగిపోతుంది. తోలు మీద పువ్వులు ముద్రించే అచ్చులకు మెరిసే పూత ఉంటుంది, వాటిని ఎమరీతో అసలు ముట్టుకోవద్దు. పూత లేచిన చోటే తుప్పు మొదలవుతుంది.

ఇప్పుడు నా పనిముట్లు మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఉంటాయి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు అందులో వేశాను. అవీ తేమ తాగి తాగి నిండిపోతాయి, ఎప్పటికప్పుడు మార్చాలి. పెద్దాయన దగ్గర ఈ పొట్లాలేవీ లేవు. ఒక పాత బిస్కెట్ల డబ్బా, దాంట్లో నూనె పట్టిన పంచె పేలిక, అంతే. ఆ పేలికను ఎప్పుడెప్పుడు మారుస్తారని అడిగాను. "పంచె చిరిగినప్పుడు" అన్నాడు.

సెలవు.