"మా ఇంట్లో ఎవరికీ లేదండీ"

అందరికీ నమస్కారం.

సైకియాట్రీ ఓపీలో కూర్చుంటే రోజుకు పదిసార్లయినా వినపడే మాట ఇది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా మానసిక జబ్బు ఉందా?" అని అడుగుతాం. "అబ్బే, ఎవరికీ లేదండీ" అంటారు. కేసు షీటులో ఆ గడి దగ్గర ఒక గీత గీసి ముందుకు పోతాం. చాలా ఏళ్లు నేనూ అలాగే గీశాను.

ఒకసారి పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. నిద్ర లేదు, వీధిలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం. తండ్రిని అడిగితే అదే జవాబు, నేను అదే గీత గీశాను. పక్కనే నాయనమ్మ కూర్చుని ఉంది. ఎందుకో ఆవిడ వైపు తిరిగి, ప్రశ్న మార్చి అడిగాను. "అమ్మా, మీ ఇంట్లో చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మా మరిది పోయాడు బాబూ. కాశీకన్నారు. మళ్లీ రాలేదు."

"పోయేముందు ఎలా ఉండేవాడు?"

"గదిలోంచి బయటికొచ్చేవాడు కాదు. అన్నంలో ఏదో కలిపారనేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం."

తండ్రి ఆశ్చర్యంగా తల్లి వైపు చూశాడు. ఆయన నాతో అబద్ధం చెప్పలేదు. బాబాయికి వచ్చింది జబ్బని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మన ఇళ్లలో ఈ జబ్బులు మారుపేర్లతో తిరుగుతాయి. నరాల బలహీనత, చేతబడి, తాగుడు, "పెళ్లి చేస్తే కుదురుకుంటాడనుకున్నాం". పేపర్లో "కడుపునొప్పి తాళలేక" అని రాసిన చావులు కూడా కొన్ని ఇందులోవే. ఎర్రగడ్డ అన్న ఊరిపేరునే వెటకారానికి వాడే మనం, ఎవరికైనా జబ్బుందా అని సూటిగా అడిగితే జవాబు ఎలా వస్తుంది? అందుకే నేను జబ్బు పేరు ఎత్తను. ఎవరైనా నెలల తరబడి పని మానేశారా, మాటలు తగ్గించేశారా, ఉన్నట్టుండి అప్పులు చేసి డబ్బు పంచిపెట్టారా అని అడుగుతాను.

ఒకరిని అడిగి మిగతా బంధువుల సంగతి రాసుకోవడానికి 1977లోనే అమెరికా సైకియాట్రిస్ట్ నాన్సీ ఆండ్రియాసన్ బృందం ప్రమాణాలు తయారుచేసింది. 2000లో అక్కడి పరిశోధకురాలు మిర్నా వైస్‌మన్ బృందం కొద్ది నిమిషాల్లో అడిగేసే ప్రశ్నల పట్టిక ఇచ్చింది. ఇలా రాసుకున్నదాన్ని, ఆ బంధువులనే కలిసి మాట్లాడితే తేలినదాంతో పోల్చి చూశారు. "ఉంది" అన్న జవాబు చాలావరకు నిజమవుతుంది. "లేదు" అన్నదాన్ని మాత్రం గట్టిగా నమ్మడానికి లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురిని అడిగితే నయం.

సరే, ఉందని తేలింది. ఎంత ఉంది? "ఇద్దరికి ఉంది" అంటే సరిపోదు. ముగ్గురు తోబుట్టువుల్లో ఇద్దరా, పదిమందిలో ఇద్దరా? తమ్ముడికి లేదంటున్నారు, వాడికి పన్నెండేళ్లే అయితే ఆ "లేదు"కి ఇంకా విలువ లేదు, ఎందుకంటే స్కిజోఫ్రీనియా (లేనిపోని అనుమానాలు, లేని మాటలు వినపడే జబ్బు) ఎక్కువగా ఇరవైల చుట్టూ బయటపడుతుంది. మన దగ్గర మేనరికం చిక్కు ఒకటి. తల్లికి మేనమామే భర్త అయినచోట, వంశవృక్షంలో ఒకే మనిషిని రెండు గీతలతో కలపాలి. రక్తసంబంధం కూడా అంతకంత దగ్గరవుతుంది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే అంకె. స్కిజోఫ్రీనియా జనాభాలో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే సుమారు పదిమందికి. అంటే తొంభై మందికి రాదు. పెళ్లిచూపుల్లో ఈ తొంభై ఎవరికీ గుర్తురాదు! అటుపక్క, ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో ఎవరికీ ఉండదు.

ఈ అంకెలు తప్పుడు చేతుల్లో పడ్డ చరిత్ర కూడా ఉంది. 1916లో మ్యూనిక్‌లో పనిచేసే సైకియాట్రిస్ట్ ఎర్నెస్ట్ రూడిన్, రోగుల తోబుట్టువుల్లో ఎందరికి ఈ జబ్బుందో లెక్కగట్టి పుస్తకం వేశాడు. 1933లో నాజీలు బలవంతపు కుటుంబ నియంత్రణ చట్టం తెస్తే, దానికి వ్యాఖ్యానం రాసినవాళ్లలో ఆయనా ఒకడు. ఆ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఎవరికి పెళ్లి చేయకూడదో చెప్పమని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను జవాబు చెప్పను.

మరి ఎందుకు అడుగుతున్నట్టు? వైద్యానికి. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 1972, 73ల్లో పుట్టిన 1,037 మంది పిల్లలను ఇప్పటికీ గమనిస్తున్నారు. డిప్రెషన్, ఆందోళన, తాగుడు, మత్తు మందులు వాళ్ల బంధువుల్లో ఎందరికి ఉన్నాయో లెక్కగట్టారు. ఎక్కువమందికి ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం, రోజువారీ పనులు దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. ఇంకోటి: డిప్రెషన్‌తో వచ్చిన అమ్మాయి మేనమామకు బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఉన్మాదం వచ్చే జబ్బు) ఉందని తెలిస్తే, మామూలు డిప్రెషన్ మాత్ర రాసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ మాత్రతో ఆమె ఉన్మాదంలోకి వెళ్లే ప్రమాదం ఉండవచ్చు. ఆ ఒక్క క్షణం కోసమే ఇన్ని ప్రశ్నలు.

ఆ రోజు నేను షీటులో గీత కొట్టేసి, వెనక పేజీలో వంశవృక్షం మొదలుపెట్టాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. తాత వరసలో ఒక చతురస్రానికి నలుపు దిద్ది, జబ్బు మొదలైన వయసు ఎంతని నాయనమ్మను అడిగాను. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. మనవడి వైపు చూసింది. "వీడంతే ఉంటాడు బాబూ" అంది.