కాపలా కణాలకు కళ్లెం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పొద్దున్నే బస్సులు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన సోదరీసోదరులకు నమస్కారం. ఎన్నో మందులకు ఆద్యుడైన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. ఆయన జయంతి సభలో రోగనిరోధక కణాలపై జరుగుతున్న పరిశోధనల గురించి చెప్పమన్నారు. దానితోపాటు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పక తప్పదు, మన్నించాలి.

ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించిన నేను తెల్ల రక్తకణాలను సైనికులతో పోల్చి పాఠం ముగించేవాడిని. సైన్యం సొంత ఊరి మీద పడకుండా ఆపేదెవరన్న ప్రశ్న నేనూ వేయలేదు, పిల్లలూ అడగలేదు. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. సొంత శరీరాన్నే పట్టుకునే కణాలు చాలావరకు అక్కడే నశిస్తాయి గానీ, కొన్ని తప్పించుకుని బయటపడతాయి. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచిని ఒక పాత ప్రయోగం పట్టుకుంది. పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లకు థైమస్ తీసేస్తే రోగనిరోధక శక్తి తగ్గి ఊరుకోవాలి. అలా కాక, ఆ శక్తి తన శరీరం మీదే విరుచుకుపడింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక టీ కణాలను ఎక్కిస్తే ఆ దాడి ఆగింది. అంటే టీ కణాల్లోనే అదుపు చేసేవి వేరే ఉన్నాయన్నమాట. 1995లో ఆయన వాటిని గుర్తుపట్టి చూపించారు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ అదుపు తప్పడానికి కారణమైన ఫాక్స్‌పీ3 అనే జన్యువును కనుగొన్నారు. అది చెడిన మగపిల్లల శరీరం పసితనంలోనే తన అవయవాలనే దెబ్బతీసుకుంటుంది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. మన డెల్టాను తరతరాలు పీడించిన బోదకాలు పురుగు కూడా ఈ నియంత్రక కణాలనే తనకు అనుకూలంగా వాడుకుని మన ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతుంది.

ఇక మా అక్కయ్య సంగతి. ఆమెది కీళ్లవాతం, అంటే అదుపు తప్పిన కణాలు సొంత కీళ్లను తినేసే జబ్బు. పొద్దున లేవగానే వేళ్లు వాచి, బిగుసుకుపోయి, పూలమాల ముడి వేయలేకపోయేది; కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుకునేది. ఒక డాక్టరుగారు మెథోట్రెక్సేట్ రాశారు. అది సుబ్బారావుగారి సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో తయారైన మందు. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో, కీళ్లవాతానికి చిన్న మోతాదులో వాడతారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఆ మాట చీటీ మీద ఇంగ్లీషులో, గొలుసు రాతలో ఉంది. మందుల దుకాణంలో రోజూ రాత్రి ఒకటి వేసుకోమన్నారు. తొమ్మిది రోజులకు నోరంతా పుండ్లు పడి, మంచినీళ్లు కూడా మింగలేక, తెల్ల కణాలు పడిపోయి, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. దానికి విరుగుడైన ఫోలినిక్ ఆమ్లం ఎక్కించి బతికించారు. అక్కయ్య పక్కన కూర్చుని ఆ చీటీని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చదువుకున్న నేను దాన్ని ముందే ఎందుకు చదవలేదన్న బాధ ఇప్పటికీ తీరలేదు.

ఈ సభలో మందుల దుకాణాలవారు ఉన్నారని తెలుసు. అయ్యా, అమ్మా, చేతులెత్తి మొక్కుతున్నాను. మెథోట్రెక్సేట్ ఇచ్చేటప్పుడు కవరు మీద "వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. చదవడం రానివారికి నోటితో రెండుసార్లు చెప్పి, వారిచేత మళ్లీ చెప్పించండి.

నియంత్రక కణాలను బయట పెంచి రోగికి తిరిగి ఎక్కించే ప్రయత్నాలు ఇప్పుడు పలు దేశాల్లో నడుస్తున్నాయి. మరో పద్ధతిలో, జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మార్పు చేసిన టీ కణాలు ఎక్కించాక, శరీరం తన మీదే దాడి చేసుకునే లూపస్ అనే జబ్బున్న కొందరు రోగులు మందులు లేకుండానే కోలుకున్నారు. అవి మన పల్లెల దాకా వచ్చేలోగా మనకున్నది ఈ మాత్రే.

మోతాదు సరిదిద్దాక అక్కయ్య దాన్నే మళ్లీ వాడుతోంది. ఆదివారం మెథోట్రెక్సేట్, మంగళవారం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్. ఆ రెండోదాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ సుబ్బారావుగారి బృందమే. ఆమె గోడ క్యాలెండరులో ఆదివారాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉంటాయి. పోయిన సంక్రాంతికి ముగ్గు ఆమే వేసింది.