పదకొండు ప్రాజెక్టులు, ఒక చేతిరాత రిజిస్టరు

ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, అధ్యాపకులకు, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ ల్యాబ్ సిబ్బందికి, విద్యార్థులకు నమస్కారం. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. శాలువాకు, జ్ఞాపికకు, ఫొటోలకు అందులో ఐదు పోయాయి. ఇచ్చిన అంశం ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చదువు, ఉద్యోగావకాశాలు’. దాని మీదే మాట్లాడతాను. కాకపోతే పొద్దున ఒకటి చూశాను, ముందు అది చెప్పాలి.

సభకు ఇంకా సమయం ఉందని మీ గ్రంథాలయంలో కూర్చున్నాను. లైబ్రేరియన్ గారు పొడవాటి రిజిస్టరులో స్కేలు ఆనించి, ఎర్ర సిరాతో ఎవరి పేరో కొట్టేస్తున్నారు. ఆయన వెనక బీరువాలో నల్లటి అట్టల మీద బంగారు అక్షరాలతో మీ సీనియర్ల ప్రాజెక్టు నివేదికలు ఉన్నాయి. ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అనే పేరుతోనే పదకొండు. పదకొండుసార్లు ఈ కళాశాల గ్రంథాలయాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది! ఆయన చేతిలో స్కేలు మాత్రం అలాగే ఉంది.

మీరు నవ్వండి, నాకు ఆ హక్కు లేదు. 1998లో నేను సమర్పించిందీ ఇదే. నలుగురం చందాలు వేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. వైవాకు వచ్చిన పెద్దాయన పుటలు తిరగేసి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, “బైండింగ్ ఎక్కడ చేయించారమ్మా?” దానికి నిజమే చెప్పాను. మంచి మార్కులు వచ్చాయి.

సరే, అంశం. ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది 1968లో, జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సుతో. ప్రోగ్రాములు పెద్దవవుతున్నాయి, గడువులు దాటుతున్నాయి, ఖర్చు చేయి దాటుతోంది, నమ్మి వాడుకోలేకపోతున్నాం అన్నది అక్కడ చేరినవాళ్ల గోడు. మన దగ్గర ఆ గోడు మొదటి యూనిట్‌లో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలింది.

ఇక ఉద్యోగాలు. డెవలపర్, టెస్టర్, డేటాబేస్ నిర్వాహకుడు, క్లయింటు అవసరాలు రాసిపెట్టే అనలిస్టు, రాత్రి రెండింటికి సర్వర్ ఆగితే లేచేవాడు. ప్యాకేజీల సంగతి మీకే బాగా తెలుసు. కానీ కొత్తగా చేరినవాళ్లలో చాలామందికి మొదట దొరికే పని ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన కోడ్‌ను బాగుచేయడం. నాలుగేళ్లలో దాని గురించి ఒక్క పీరియడ్ కూడా చెప్పరు.

నాకూ చెప్పలేదు. 1999లో హైదరాబాద్‌లో, విదేశీ బీమా సంస్థ ఒకదానివి, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు మా ముందు పెట్టారు. పాతకాలంలో చోటు కలిసివస్తుందని సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు. 2000 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందని భయం. రెండంకెలు కనిపించిన చోటల్లా నాలుగు చేయడం నా పని. ముగింపు తేదీ గడిలో 99 కనిపించింది. ముందు 19 చేర్చాను. వందల చోట్ల చేర్చాను. వేగంగా చేస్తున్నానని మా మేనేజర్ మెచ్చుకున్నారు కూడా.

టెస్టింగ్‌లో ఉన్న అమ్మాయి, నాకంటే ఏడాది చిన్నది, యంత్రం తేదీని 2000 జనవరికి జరిపి చూసింది. నా బల్ల దగ్గరికి వచ్చి, “అక్కా, వేలమంది పాలసీలు ఒకే రాత్రి చచ్చిపోయాయి, ఉప్పెన ఏమైనా వచ్చిందా?” అంది. ఆ బీమా సంస్థలో పాత గుమాస్తా ఒకాయనను అడిగిస్తే తేలింది: అది సంవత్సరమే కాదు. ‘ఈ పాలసీకి గడువు లేదు, మనిషి ఉన్నంతకాలం నడుస్తుంది’ అనడానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు. జీవితాంతం ఉండాల్సిన పాలసీలను నేను డిసెంబరు 31తో ముగించేశాను.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గుమాస్తా తలలో ఉంది.

మా తప్పు గదిలోనే దొరికింది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్‌కు ఆ అదృష్టం లేదు. ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టిన కోడ్‌లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయారు, పట్టలేదు. బయలుదేరిన 40 సెకన్లలోపే ముక్కలైంది. పాత రాకెట్‌లో ఆ సంఖ్య అంత పెద్దది కాదు, అందుకే అందులో ఇబ్బంది రాలేదు. కొత్తదానికి అది సరిపోతుందా అని ఎవరైనా అడిగి ఉంటే...

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ మీ ఫోనులోనే ఉంది. 99 ముందు 19 పెట్టడం నాకంటే వేగంగా చేస్తుంది, అదీ మెప్పు పొందుతుంది. గుమాస్తా దగ్గరికి మాత్రం మీరే వెళ్లాలి. నేను మళ్లీ గుమాస్తా దగ్గరికే వస్తున్నానని మీ విభాగాధిపతి గారు గడియారం చూస్తున్నారు. క్షమించాలి, సార్.

మూడో సంవత్సరం వాళ్లు చేతులెత్తండి. ఇంతమంది వద్దు, నలుగురు చాలు. భోజనాలయ్యాక నాతో గ్రంథాలయానికి రండి. ల్యాప్‌టాప్ వద్దు, నోటుపుస్తకం తెచ్చుకోండి. ఎర్ర సిరాతో ఆ పేరు ఎందుకు కొట్టేశారని పొద్దున ఆయనను అడిగాను. సగం చెప్పారో లేదో, సభకు రమ్మని నాకు పిలుపు వచ్చింది.